ఎమెట్ లేని హోస్టింగ్

"మళ్ళీ ఆ ఎమెట్టేనా?" టీ కప్పు బల్లమీద ఠక్కున పెట్టాడు మర్డాక్.

రోనా ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది. "సైట్ నత్తలా పాకుతోంది. ఉన్ని అమ్ముకోమంటావా, వద్దంటావా?" అని మొగుడి నోరు మూయించి, మళ్ళీ ఫోన్‌లో పడి పకపకా నవ్వింది.

రంగురంగుల ఉన్ని ఉండలు ఇంటర్నెట్‌లో అమ్ముతుంది రోనా. ఆ వెబ్‌సైట్‌కి చోటు అద్దెకిచ్చే కంపెనీ టైడ్‌రాక్. అక్కడ ఫోనెత్తేవాడు ఎమెట్. రిపేరు ఐదు నిమిషాలు, కబుర్లు గంట. మర్డాక్‌కి ఒళ్ళు మండిపోతోంది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా, తన జోకుకి ఆవిడ అలా నవ్విన పాపాన పోలేదు.

"సైట్ చెడిపోతే అంత నవ్వెందుకొస్తుంది?" ఆవిడ ఫోన్ పెట్టేశాక అడిగాడు.

"సరదా మనిషి. నీలా మూతి ముడుచుకుని కూర్చోడు."

"పెళ్ళయిందా వాడికి?"

"అడగలేదు. ఈసారి అడగమంటావా?"

అంతే. హోస్టింగ్ కంపెనీ మార్చి తీరాలనుకున్నాడు మర్డాక్.

"నీకు లాబ్‌స్టర్లు పట్టడం తప్ప ఇంకేం తెలుసని?" అంది రోనా.

"నేర్చుకుంటా."

నేర్చుకున్నాడు కూడా. సీజన్ మధ్యలో పడవ కట్టేసి, నాలుగు రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రేవులో వాళ్ళంతా నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ! అందరూ వేగం చూస్తారు, ధర చూస్తారు. మర్డాక్ మాత్రం ఫోనెత్తేది ఎవరో చూశాడు. చివరికి పఫిన్ హోస్ట్ దొరికింది. ఆఫీసు ఎక్కడో దేశం అవతలి కొసన వాంకూవర్లో. మొదటి పేజీలోనే చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్న నెరిసిన జుట్టు పెద్దావిడ ఫొటో. ఆ ఫొటో చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఏకంగా మూడేళ్ళకి డబ్బు కట్టేసి, సైట్‌ని అక్కడికి మార్పించేశాడు.

శనివారం పొద్దున పదింటికి రోనా కొత్త రంగులు అమ్మకానికి పెట్టాలి. తొమ్మిదింబావుకి చూస్తే సైట్ తెల్లకాగితంలా ఉంది.

"నిండా ముంచావు కదయ్యా! మూడు నెలలు కష్టపడి అద్దిన రంగులు! ఎమెట్ ఉండుంటే ఈపాటికి..."

"వాడి పేరెత్తావంటే ఊరుకోను! నీ ఫోన్ ఇలా ఇవ్వు, నేను మాట్లాడతా."

పఫిన్ నంబరు నొక్కాడు. అవతల వెంటనే ఎత్తారు.

"నమస్తే, పఫిన్ హోస్ట్. ఎమెట్‌ని మాట్లాడుతున్నా."

మర్డాక్ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, నొక్కిన నంబరు మళ్ళీ చూసుకున్నాడు. "ఏ... ఏ ఎమెట్?"

"టైడ్‌రాక్ ఎమెట్నే సార్. రెండు కంపెనీలకీ ఓనరు ఒక్కరే. బోర్డులే వేరు, ఫోనులెత్తేది మేమే. కంగారు పడకండి, పది నిమిషాల్లో సైట్‌ని మళ్ళీ నిలబెడతా." కీబోర్డు టకటకలాడింది. "రోనా గారి నంబరు నుంచి మగ గొంతంటే... మీరు మర్డాక్ గారే కదూ? ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసినా మీ గురించే!"

"నా గురించా?" మర్డాక్ మొహం కాస్త విచ్చుకుంది. "ఏమంటుంది?"

"నేను చెప్పిన చిట్కా పనిచేసిందా లేదా అని నాకూ ఆత్రంగా ఉంది సార్. మీ పైజామా చొక్కా వీపుకి ఉన్ని ఉండ కుట్టాక, వెల్లకిలా పడుకోవడం మానేశారా? గురక తగ్గిందా?"