రెండు సీట్ల ఇంటిబండి

"అమ్మడూ, మీ ఆయనకి చెప్పు. స్పానర్ పట్టుకున్న ప్రతివాడూ మెకానిక్ అయిపోడని."

షెడ్డు గుమ్మంలో నిలబడి, ఇంటి ముందుగది కిటికీ వైపు తిరిగి మామ అన్న మాట అది. బండి కింద వెల్లకిలా పడుకున్న అల్లుడి కాళ్లు ఒక్క క్షణం కదలడం మానేశాయి.

"మీ నాన్నగారికి చెప్పు," అని కింది నుంచి జవాబొచ్చింది. "లారీలు బాగుచేసిన కాలం అయిపోయిందని. అడ్డం రాకుండా కూర్చుంటే అదే పదివేలని."

అమ్మడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాళ్ల పోట్లాటల్లో ఆమె ఏ పక్షమూ పట్టదు.

పది నెలలుగా ఆ ఇంట్లో ఇదే వరస. "నా కూతుర్ని సరిగ్గా చూసుకున్నావా?" అని ఆయన, "మీరు చూసుకోనిస్తేగా" అని ఇతను, ఒకరోజు అనకూడని మాటలన్నీ అనేసుకున్నారు. అప్పట్నుంచీ నేరుగా మాట్లాడుకుంటే ఒట్టు. భోజనాల దగ్గర ఉప్పు కావాలన్నా అమ్మడితో చెప్పినట్టే చెప్పాలి. ఒకే కప్పు కింద ఉంటూ ఇదేం బతుకో, వాళ్లకే తెలియాలి.

బండి మామది. పాతకాలపు చిన్న మోటార్‌హోమ్. ఇంట్లో అందరూ ఇంటిబండి అంటారు. వెనక మడతమంచం, అరచేతంత పొయ్యి, నీళ్ల ట్యాంకు, ముందు రెండే సీట్లు. వెనక చక్రాలతో మాత్రమే లాగుతుంది కాబట్టి తడి గడ్డి మీద కూడా చతికిలబడుతుంది. అలాంటిదాన్ని నాలుగు చక్రాలూ లాగే బండిగా మార్చి, కొండ మీది చెరువు దాకా ఎక్కించాలి. పైకి ఉన్నది రాళ్లదారి. వానలు పడితే దాన్ని మూసేస్తారు. ఇంకా పన్నెండు రోజులే ఉంది.

ఆ చెరువు చూడాలని అమ్మడు చిన్నప్పట్నుంచీ ప్రాణం తీసేది. పెద్దయ్యాక తీసుకెళ్తానని తండ్రి మాటిచ్చాడు. పెళ్లయ్యాక వెళ్దామని మొగుడూ మాటిచ్చాడు. రెండూ నీటిమూటలే అయ్యాయి. ఇప్పుడు ఎవరికి వాళ్లు 'నేనే తీసుకెళ్తా' అని పట్టు.

"బండి నాది," అన్నాడు మామ కిటికీతో. "ఒక సీటు నాది, ఒకటి నా కూతురిది. మూడోవాడికి చోటు లేదని చెప్పమ్మా."

"పని నాది," అన్నాడు అల్లుడు బండి కింది నుంచి బయటికొస్తూ. "నేను ఎక్కకపోతే ఈ బండి గేటు దాటదని చెప్పు."

అతను చేతులు తుడుచుకుని ఇంజను స్టార్ట్ చేశాడు. కంకర మీద తిన్నగా పోనిచ్చి, ముందు చక్రాలను కలిపే లీవర్ లాగాడు. బండి పదడుగులు వెళ్లింది. అడుగున ఏదో కటకటలాడింది, ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

మామకు సంతోషం కలగాలి. కలగలేదు. పన్నెండు రోజుల్లో కాకపోతే మళ్లీ ఏడాది దాకా దారి తెరవరు. అప్పటికి తను ఉంటాడో లేదో ఎవరు చూశారు?

"అమ్మడూ, అడుగు. ముందు ఇరుసు ఎక్కడ తెచ్చాడని."

"పాత జీపుది. ఇరుసు మీద గేర్ల లెక్క కొట్టిన పలక చూసే తెచ్చానని చెప్పు."

"పలక ఎవడైనా మారుస్తాడు. చుట్లు లెక్కపెట్టాడా అని అడుగు."

"పెట్టాను."

"ఎలా పెట్టాడట? చక్రం మీద సుద్దగీత గీసి తిప్పేది ఒకరు. కింద పడుకుని షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టేది ఇంకొకరు. అది ఇద్దరి పని."

"కాలితో చక్రం తోస్తూ నేనే చూసుకున్నాను. ఎవర్ని పిలవను?"

ఆ మాట కిటికీతో అనలేదు. నేరుగా మామ మొహంలోకి చూస్తూ అన్నాడు. మామ షెడ్డులోకి వెళ్లి ఒక సుద్దముక్క, కూర్చోవడానికి ఒక పీట తెచ్చుకున్నాడు. ఇద్దరూ కలిసి బండిని జాకీల మీదికి ఎత్తారు.

"పడుకో కిందికి," అన్నాడు. పది నెలల్లో అల్లుడితో ఆయన అన్న మొదటి మాట అదే.

వెనక చక్రం ఒక్కసారి తిరిగితే షాఫ్టు నాలుగు చుట్లు. ముందుది నాలుగున్నర.

"చూశావా? ఇది ఎడ్డెమంటే అది తెడ్డెమంటోంది. గేర్లు పిండి కాక ఏమవుతాయి?"

"తిట్టండి."

"తిట్టకుండా ముద్దు పెట్టుకుంటారా నిన్ను?"

సరిపడే గేర్ల కోసం ఆరు రోజులు పాత ఇనుము కొట్లన్నీ గాలించారు. బిగించడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. స్నేహం కుదిరిందనుకునేరు. కుదరలేదు. మధ్యవర్తి లేకుండా తిట్టుకోవడం అలవాటైంది, అంతే. బోల్టుకో తగువు, నట్టుకో నిష్ఠూరం. బండి మాత్రం పదో రోజు పొద్దున కంకర గుట్ట మీదికి కిక్కురుమనకుండా ఎక్కింది.

మర్నాడు తెల్లవారగానే మామ తాళంచెవులు అల్లుడి చేతిలో పడేశాడు.

"నువ్వే నడుపు."

"నేనా? చోటు లేదన్నారుగా."

"దారిలో ఏదైనా ఊడితే ఈ మోకాళ్లతో నేను దూరతానా కిందికి?"

"మరి అమ్మడు?"

"నా ఒళ్లో కూర్చుంటుంది."

అల్లుడు లోపలికి వెళ్లి ఆమెను జాగ్రత్తగా తీసుకొచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు.

"దారంతా గతుకులు. బరువవుతుందేమో, మామయ్యా."

"పుట్టిన రోజున మూడు కిలోలుంది. ఆ రోజు ఎత్తుకున్నవాణ్ణి, ఇప్పుడు మోయలేనా?"

అస్థికల పాత్ర అంత బరువు కూడా లేదు.