చివరి బొమ్మ

పక్షవాతంతో మాట పడిపోయిన విశ్వాసమ్మ నుదుటి మీద నుంచి తడి స్పాంజి తీసింది టెక్నీషియన్ తనూజ. కర్నూలు ఆసుపత్రిలో తలకు సన్నని కరెంటు పెట్టడం ఇది పదో రోజు.

“మెదడులో మాటకు బ్రేకేసే రసాయనం దీంతో తగ్గుతాదవ్వా. ఈ బొమ్మల పేర్లన్నీ చెప్తివంటే రేపట్నుంచి ఈడికి వచ్చే పన్లేదు.”

బకెట్టు. గొడ్డలి. కోడిపుంజు. తడబడుతూనే చెప్పింది విశ్వాసమ్మ. చివరిది తాళంకప్ప బొమ్మ. దాన్ని చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది.

తనూజ ఆమె చెయ్యి పట్టుకుంది. “దిగులు పడాకు. ఇంకో పది దినాలు పెడతాం. రోజూ వచ్చి నాతో మాట్లాడుదువు.”

విశ్వాసమ్మ కల్లూరులో షేర్ ఆటో దిగింది. పొద్దున తాను వేసి వెళ్లిన తాళం, తానొక్కతే ఉండే గది తలుపుకు అలాగే ఉంది.

ఆసుపత్రిలో మింగేసిన మాటను ఆ తలుపుతో అంది, తడబడకుండా.

“బీగం.”