రెండో డిస్కు క్షేమం

"సంతకం పెట్టండమ్మా" అంటూ సూపరింటెండెంటు కాగితాన్ని బల్ల మీద ఇటు తోశాడు.

రక్తనిధిలో కంప్యూటర్లు చూసుకునే ఆవిడ కాగితం తీసి చదివింది. 'నేను ఎవరి అనుమతీ లేకుండా కొత్త డ్రైవర్ వేసి, రెండో డిస్కును పాడుచేశాను. ఇందుకు పూర్తి బాధ్యత నాదే.' కింద ఆవిడ పేరు, సంతకానికి ఖాళీ జాగా.

"నేనా సార్? నేను పాడుచేశానా?"

"మరి నేనా? ఇదిగో, ఆరేళ్లుగా నెలనెలా నేను సంతకం పెట్టిన రిపోర్టులు. మొదటి డిస్కు క్షేమం, రెండో డిస్కు క్షేమం. ఎక్కడైనా ఒక్క తప్పుందా? మీరు చేరి మూడు నెలలు కాలేదు. సోమవారం డ్రైవర్ మార్చారు. సోమవారం నుంచే తెర నిండా ఎర్ర అక్షరాలు!"

వెనకాల అందరూ ఆయన్ని సంతకాల సారనే అంటారు. ఊరికే అనరు మరి.

యూనిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఆ కంప్యూటరులో రెండు డిస్కులు. రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు రెండింటిలోనూ ఒకేసారి రాసుకుంటుంది. ఒకటి పోతే రెండోది కాపాడాలి. డ్రైవరంటే కంప్యూటరుకీ డిస్కుకీ మధ్య మాటలు మోసే చిన్న ప్రోగ్రాము. ఏ డ్రైవర్ కావాలో ఎంచుకొమ్మని కంప్యూటరు ఒక జాబితా ఇస్తుంది. ఆరేళ్లుగా ఈ ఉద్యోగంలోకి వచ్చినవాళ్లంతా కళ్లు మూసుకుని పైనున్నది నొక్కారు. ఈవిడ జాబితా మొత్తం చదివి, ఆ డిస్కుల కోసమే తయారైన డ్రైవర్ వేసింది. అదీ ఆవిడ చేసిన నేరం! ఒళ్లు మండదా?

"సార్, పాత డ్రైవర్ డిస్కుని రాయమంటుంది. రాసిందో లేదో చూడకుండా 'రాసేసింది' అని వచ్చి చెప్తుంది. కొత్తది 'రాశావా?' అని అడిగి మరీ జవాబు తెస్తుంది. రెండో డిస్కు జవాబివ్వట్లేదు. ఉన్నమాట చెప్పడం తప్పా?"

"అడక్కపోతే బాగానే ఉండేదిగా! ఎవరడగమన్నారు?"

"బాగానే ఉండేదా? రేపు మొదటి డిస్కూ పోతే? ఆపరేషన్ బల్ల మీద మనిషుంటే, ఆ గ్రూపు రక్తం ఎవరిస్తారో ఎక్కడ వెతకాలి సార్? మీ రిపోర్టుల్లోనా?"

కాగితం టైపు చేసిన హెడ్ క్లర్కు గొంతు సవరించుకున్నాడు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే.

"పెట్టేద్దూ అమ్మాయ్. పెద్దవాళ్లతో మనకెందుకు?"

"మీరూ అదే మాటా బాబాయ్? దీని మీద సంతకం పెడితే రేపు నాకు కంప్యూటరు ముట్టుకునే ఉద్యోగం ఎవరిస్తారు?"

"పెట్టకపోతే ఈ ఉద్యోగం ఇవాళే ఉండదు" అన్నాడు సారు.

ఆవిడ లేచి నిలబడింది. ఇక పట్టరాని కోపం.

"సరే. ఆ పాడైన డిస్కు తీసి మీ చేతిలో పెడతాను. కంపెనీకి పంపండి. ఎన్నాళ్ల కిందట చెడిందో వాళ్లే తేలుస్తారు. సోమవారం చెడిందని తేలితే పది కాగితాల మీద సంతకం పెడతాను."

"కంప్యూటరు పెట్టె తెరవడానికి వీల్లేదు. దానికి సీలుంది."

నిజమే, ఉంది. పెట్టె వచ్చిన రోజునే మూత మీద కాగితం అతికించి, అడ్డంగా సంతకం చేశాడు మహానుభావుడు. తెరుస్తానని ఈవిడ మూడు రోజుల్లో మూడు అర్జీలు పెట్టుకుంది. మూడింటి మీదా 'పరిశీలనలో ఉంది' అని రాసి, సంతకం పెట్టి మరీ వెనక్కి పంపాడు.

ఆవిడ సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని మెషిన్ గదిలోకి నడిచింది. వెనకాలే సారు, సారు వెనక కాగితం పట్టుకుని బాబాయ్.

"అమ్మా, ఆగండి! అది నా సంతకం!"

"తెలుసు సార్."

సీలు చర్రున చిరిగింది. మూత ఊడదీసింది. మొదటి అరలో పచ్చ దీపం మినుకుమినుకుమంటూ తన పని తాను చేసుకుపోతోంది. రెండో అరలో దీపమే లేదు. ఆవిడ పిడి పట్టుకుని గట్టిగా లాగింది. అంత గట్టిగా లాగక్కర్లేకపోయింది. అర తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది.

అందులో డిస్కు లేదు. డిస్కు కొలతకి కోసిన తెల్లటి థర్మాకోల్ ముక్క ఉంది. దాని మీద చీటీ. 'రవాణా కోసం మాత్రమే. డిస్కు బిగించే ముందు తీసివేయండి.'

ఆరేళ్లు! ఇన్ని వేలమంది పేర్లు, గ్రూపులు ఈ థర్మాకోల్ మీద రాశామని చెప్పుకుంటూ నెలనెలా క్షేమమని సంతకాలు!

"ఇప్పుడు చెప్పండి సార్" అంది ఆవిడ. "నేను పాడుచేశానా?"

సారు ముఖం తెల్లబోయింది. కాసేపు థర్మాకోల్ వంక, కాసేపు చిరిగిన సీలు వంక చూశాడు. తర్వాత బాబాయ్ చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. చింపేస్తాడు కాబోలు అనుకుంది ఆవిడ.

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

"లేదమ్మా, పొరపాటు నాదే" అంటూ ఒక మాట కొట్టేసి కాగితం బాబాయ్‌కి తిరిగిచ్చాడు. "హెడ్ క్లర్కు గారూ, 'పాడుచేశాను' తీసేసి 'పోగొట్టాను' అని టైపు చేయండి."