చుక్కి తవ్విన మూడో సొరంగం

పుట్టలో వరసగా మూడు గదులు, మధ్యన రెండు సొరంగాలు. కబురు విన్న చీమ, అది వచ్చిన దారి తప్ప మిగతా దారులన్నిట్లోకీ అరవాలన్నది అక్కడి కట్టుబాటు.

చుక్కి అనే చీమ వారం కష్టపడి, మొదటి గదినీ చివరి గదినీ కలుపుతూ మూడో సొరంగం తవ్వింది. ఆ రోజే "బెల్లం దొరికింది!" అన్న కబురు చుట్టూ తిరిగి, అరిచిన చీమ దగ్గరికే వచ్చింది. కట్టుబాటు కదా, అది మళ్లీ అరిచింది. బెల్లం అయిపోయినా అరుపులు ఆగలేదు. గుడ్లను చూసే దిక్కు లేదు.

పుట్టలోని ముసలిచీమ కొత్త సొరంగం నోటిని మట్టితో మూసింది. పుట్ట సద్దుమణిగింది.

"నా కష్టమంతా మట్టిపాలు చేశావు కదవ్వా!" అంది చుక్కి.

"పూడ్చలేదే తల్లీ, తలుపేశానంతే. కాపలా నువ్వే."

కొన్నాళ్లకు వానకు పాత సొరంగం ఒకటి కూలి, చివరి గది తెగిపోయింది. చుక్కి గబగబా తన సొరంగం నోటి మట్టి తోడేసింది.

"అందరం బతికే ఉన్నాం!" అని అవతలి నుంచి కబురొచ్చింది.

పుట్టంతా విన్నది. ఒక్కసారే విన్నది.