పడమటి వంటింట్లో మైనం బొమ్మ

"కరెంటు బిల్లు తగ్గాలంటే వంటిల్లు పడమరకి నెట్టేయండి మేడమ్. పడమటి ఎండ దానికే తగలనీ, అక్కడ ఎలాగూ పొయ్యి వేడి ఉంటుందిగా. చల్లటి ఉత్తరం గది నా చదువుకి, ఏసీ కూడా అక్కర్లేదు," అన్నాడు భర్త, అట్టతో చేసిన ఇంటి నమూనా మీద వేలు పెట్టి.

పక్కనే కూర్చున్న భార్య అలవాటుగా తలూపింది.

ఆర్కిటెక్టమ్మ సరేనంది. నమూనా కప్పు తీసి వంటింట్లో ఒకటి, ఉత్తరం గదిలో ఒకటి మైనం బొమ్మలు నిలబెట్టి, మళ్ళీ మూసింది. పడమటి గోడ ఎండవైపు తిప్పి కిటికీలో పెట్టి, కాఫీలు తెప్పించింది.

కాఫీలు కావస్తుండగా నమూనా కప్పు తీస్తే, ఉత్తరం గది బొమ్మ నిటారుగానే ఉంది. వంటింటి బొమ్మ నడుం వంగి పొయ్యి మీదికి వాలిపోయింది.

భర్త పగలబడి నవ్వాడు. "అచ్చం నువ్వేనోయ్!"

"ఆవిడ కాదండీ, మీరే," అంటూ ఆర్కిటెక్టమ్మ బొమ్మను ఇటు తిప్పింది. ముక్కు కింద మీసం! "ఆవిడ ఉద్యోగంలో చేరుతున్నారుగా. సాయంత్రం వంట ఇక మీదే కదా?"

భార్యకి కాఫీ ఆఖరి గుక్క పొలమారింది. అయినా కాదనలేదు.

భర్త బొమ్మనీ భార్యనీ మార్చి మార్చి చూశాడు.

"వంటిల్లు ఉత్తరానికే పెట్టండి," అని నసిగి, కారు తీస్తానంటూ బయటికి నడిచాడు.

"నేను ఉద్యోగంలో చేరుతున్నానని మీకెవరు చెప్పారండీ?" అంది భార్య గుసగుసగా.

"ఎవరూ చెప్పలేదు."

ఆమె మీసాల బొమ్మను తీసి చేతిసంచిలో వేసుకుంది.

"అయితే ఇక చేరాల్సిందే. లేకపోతే గోడలు లేచేలోపు వంటిల్లు మళ్ళీ పడమరకి పోతుంది."