మరుపు విచారణ

పదకొండేళ్ళ కిందట కుళాయి నీళ్ళ కోసం ధర్నాలో కూర్చున్న నూకరత్నాన్ని పోలీసులు పట్టుకెళ్ళి, సాయంత్రానికి వదిలేశారు. ఆ కేసు కూడా ఎప్పుడో కొట్టేశారు. అయినా ఆమె వంటకి వెళ్ళే ప్రతి అపార్ట్‌మెంట్ గేటూ ఆమె ముఖం చూడగానే పోలీసు రికార్డు తీసి "ఈమె ఒకసారి అరెస్టయ్యారు" అని గొంతు చించుకునేది. చేస్తున్న ఐదిళ్ళలో మూడిళ్ళ వాళ్ళు మానిపించేశారు.

రికార్డు చెరిపేయమని ఆమె జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టుకుంది.

"మీ వీధి వాళ్ళంతా ఆ సంగతి మర్చిపోయారని తేలితే చెరిపేస్తామమ్మా. విచారణకి రోబో వస్తుంది," అన్నాడు గుమాస్తా.

మర్నాడే వచ్చింది. ఇంటింటి తలుపూ తట్టి మైకులో అడిగింది.

"మీ వీధి నూకరత్నం గారిని పోలీసులు పట్టుకెళ్ళిన సంగతి గుర్తుందా?"

మొన్ననే అద్దెకి దిగిన ఎదురింటావిడ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, ఆవిడా! నాకు ఇప్పటిదాకా తెలీనే తెలీదు."

"ఇప్పుడు తెలుసు," అని రోబో రాసుకుంది.

వారం తిరక్కుండా అర్జీ కొట్టేశారు. నూకరత్నం ఆఫీసుకి పరిగెత్తింది.

"నలభై ఇళ్ళ వాళ్ళకీ గుర్తుందటమ్మా," అన్నాడు గుమాస్తా జాలిగా.

"మీ రోబో చెబితేనే కద బాబూ వాళ్ళకి తెలిసింది!"

"కంగారు పడకండి. వాళ్ళు మర్చిపోయేదాకా నెలనెలా వచ్చి అడుగుతూనే ఉంటుంది."