కాకి ముట్టని పిండం

“ఇంకో పావుగంట చూద్దాం,” అన్నాడు మహీధర్. ఆ మాట అనడం అతనికిది నాలుగోసారి.

దేశం కాని దేశంలో, పాసిర్ రిస్ పార్కులో, సముద్రానికి కాస్త ఎడంగా, ఒక చెట్టు కింద అరిటాకు పరిచి ఉంది. ఆకులో మూడు పిండాలు, నువ్వులు, పెరుగు, అరటిపండు ముక్కలు. అతని తండ్రి పార్థసారథి పోయి ఇవాళ్టికి పదో రోజు. కార్యం చేయించిన శాస్త్రిగారు, “కాకి ముట్టాకే ఇంటికెళ్ళి భోంచేయండి,” అని చెప్పి తన దారిన తాను వెళ్ళిపోయారు. చెప్పడం తేలికే. కాకికి కబురు పెట్టే యాప్ ఇంకా ఎవరూ తయారు చేయలేదు.

మైనాలు మాత్రం పిలవకుండానే వచ్చాయి. మహీధర్ తువ్వాలు విసిరి వాటిని తోలాడు. పావురాలొస్తే వాటినీ తోలాడు. పక్షులకు మేత వేయరాదన్న బోర్డు ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. ఎవరైనా పరుగెత్తుకుంటూ అటు వస్తే, అతని కూతురు కీర్తిక ఆకుకు అడ్డంగా నిలబడి ఫోన్ చూస్తున్నట్టు నటిస్తోంది. ఆ పిల్ల యూనివర్సిటీలో జంతుశాస్త్రం చదువుతోంది.

“ఇక్కడ కాకుల్ని బాగా తగ్గించేశారు డాడీ. తాతయ్యకి కోపమొచ్చి కాదు లా,” అంది ఇక్కడివాళ్ళ యాసలో.

“మహీ, ఇంటికి పోదాం రా,” అంది మడతకుర్చీలో కూర్చున్న లలితకుమారి. “రాకపోతే పోనీ. ఆయనేమీ అనుకోరు.”

తల్లి షుగర్ మనిషి. పొద్దుట్నుంచీ ఎంగిలిపడలేదు. చీరకొంగు వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. ఆమెను చూస్తుంటే మహీధర్‌కు భయంగానే ఉంది. అయినా కదల్లేకపోయాడు.

బ్యాంకులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నవాడు, ఇలాంటివి నమ్మనని నలుగురిలో చెప్పుకునేవాడు. కానీ చివరిరోజు ఆస్పత్రిలో తండ్రి, “మహీని పిలవండి, ఒక మాట చెప్పాలి,” అన్నారు. పాయా లేబర్‌లో ఉన్న బ్యాంకు ఆఫీసులో మీటింగ్ ముగించుకుని అతను వెళ్ళేసరికి ఆయనకు మాట పడిపోయింది. ఏమిటా మాట అని తల్లినడిగితే, “ఏముంటుంది, జాగ్రత్తగా ఉండమనే,” అంది. పది రోజులుగా అతనికి నిద్ర లేదు. ఆ మీటింగ్ మధ్యలో లేచి వచ్చేస్తే ఏం పోయేది?

పోయినవాళ్ళకు తీరని కోరిక ఉంటే కాకి పిండం ముట్టదంటారు. ఆ కోరిక కనిపెట్టి, తీరుస్తానని మాటిస్తే ముడుతుందంటారు. మహీధర్ ఆకు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“నాన్నా, అస్థికలు రాజమండ్రి తీసుకెళ్ళి గోదాట్లోనే కలుపుతాను.”

ఏ కాకీ రాలేదు.

“అమ్మని కంటికి రెప్పలా చూసుకుంటాను.”

రెక్కల చప్పుడైంది. నల్లటి పక్షి ఒకటి ఆకు మీద వాలి, అరటిపండు ముక్క ముక్కున కరుచుకుంది. మహీధర్ రెండు చేతులూ జోడించాడు. కళ్ళు చెమర్చాయి.

“డాడీ, అది కాకి కాదు. కళ్ళు చూడు, ఎర్రగా లేవూ? మగ కోయిల.”

“కోయిలా? మరి కూయలేదే!”

“కూసేది మగదే. అది చెట్టెక్కి అరిచి కాకుల్ని తన వెంట తరిమించుకుంటుంది. ఆ సందులో ఆడది వెళ్ళి కాకి గూట్లో గుడ్డు పెట్టేస్తుంది. ఆ పిల్లని పెంచేది కాకే.”

“మరి కాకికి తెలీదుటే?” అంది లలితకుమారి.

“తెలీదనే అంటారు నానమ్మా. తన పిల్లలతో పాటే నోట్లో పెట్టి మరీ మేపుతుంది.”

మహీధర్‌కు ఒక ఆశ పుట్టింది. “అయితే ఈ కోయిల ముట్టినా సరిపోదా? పెంచింది కాకే కదా. ఆ మాత్రం హక్కు దీనికుండదా?”

లలితకుమారి తలెత్తి కొడుకు వంక చూసింది. ఈలోగా కోయిల ఎగిరిపోయింది. పిండాలు పిండాల్లాగే ఉన్నాయి.

సముద్రం మీద మబ్బు పట్టింది. వాన పడితే అంతా కొట్టుకుపోతుంది. మహీధర్‌కు చటుక్కున తట్టింది. బాబాయి! బాబాయి భరద్వాజ్‌కీ నాన్నకీ ఆరేళ్ళుగా మాటల్లేవు. నాన్న చెప్పాలనుకున్నది అదే అయ్యుంటుంది.

“నాన్నా, ఇవాళే బాబాయికి ఫోన్ చేస్తాను. కాళ్ళు పట్టుకునైనా కలుపుకుంటాను.”

అప్పుడొచ్చింది కాకి. నిజం కాకి, బూడిదరంగు మెడతో. కొమ్మ మీద వాలి, మెడ వంచి ఆకు వంక చూసింది. కాకి కిందికి దిగలేదు. ఒకసారి అరిచి, పై కొమ్మకు మారింది.

“ఇంకేం కావాలి నాన్నా మీకు?” మహీధర్ ఏడ్చేశాడు. “చెప్పండి, ఏదైనా సరే చేస్తాను. ఇలా వెళ్ళిపోకండి.”

నలభై నాలుగేళ్ళ మనిషి పార్కులో అలా ఏడుస్తుంటే కీర్తికకు ఏం చేయాలో తోచలేదు. మొదటి చినుకు ఆకు మీద పడింది.

లలితకుమారి కుర్చీ పట్టుకుని లేచింది. మెల్లగా వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. కళ్ళు మూసుకుని, పెదవులు మాత్రం కదిలేలా ఏదో అంది. ఎంతోసేపు కాదు, ఒక్క మాటే.

కాకి దిగింది. మొదటి పిండాన్ని ముక్కుతో పొడిచి, మెతుకులు నోట కరుచుకుని, వానలోనే ఎగిరిపోయింది.

“యెస్! నానమ్మా, యూ డిడ్ ఇట్!” అని కీర్తిక గెంతింది.

మహీధర్ తల్లి రెండు చేతులూ పట్టుకున్నాడు. “అంటే నాన్న కోరిక నీకు ముందే తెలుసన్నమాట. మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు? ఏం మాటిచ్చావమ్మా?”

ఆమె కొడుకు మొహం మీది చినుకుల్ని కొంగుతో తుడిచింది. తుడిచిన చెయ్యి అక్కడే ఉంచేసింది.

“నీ కన్నతల్లి ఎవరో నీకు చెప్పేస్తానన్నాను.”